పొగ రంగు చూశాకే ఇంజన్ మీద చెయ్యి వేయండి

మృగశిర కార్తె వచ్చిందంటే దుక్కులకు తొందర. ఆ పది పదిహేను రోజులూ ఊళ్లో ఏ ట్రాక్టరుకూ తీరిక ఉండదు. సరిగ్గా అప్పుడే సైలెన్సర్ నల్లగానో, నీలంగానో పొగ కక్కడం మొదలు పెడుతుంది. షెడ్డుకు తీసుకెళితే "ఇంజన్ బోరుకొచ్చింది, దించాల్సిందే" అనే మాట వినపడుతుంది. ఇంజన్ దించితే ఖర్చు పదుల వేలల్లో ఉంటుంది. దానికి తోడు బండి వారం, పది రోజులు కదలదు. ఈలోగా పదును పోతుంది, విత్తే అదను దాటుతుంది.

పొగ వచ్చిన ప్రతి ఇంజన్‌కూ బోరు అవసరం లేదు. చాలాసార్లు కొన్ని వందల రూపాయల ఫిల్టర్‌తోనో, గేరు మార్చడంతోనో పోయే పొగకు ఇంజన్ విప్పించుకుంటున్నాం. ఏ రంగు పొగ, ఎప్పుడు వస్తోంది, ఎంతసేపు ఉంటోంది అనే మూడు సంగతులు మీరే గమనించి చెప్పగలిగితే మెకానిక్ పని సగం తగ్గుతుంది, మీ ఖర్చూ తగ్గుతుంది. సొంత ట్రాక్టర్ లేక కిరాయికి దున్నించుకునే రైతుకు కూడా ఇది తెలిసి ఉండాలి. ఇంజన్ సత్తువ తగ్గిన బండి ఎకరానికి ఎక్కువ గంటలు తీసుకుంటుంది. గంట లెక్కన ఇచ్చే కిరాయి మీ జేబులోంచే పోతుంది.

డీజిల్ కాలేది గాలితోనే

డీజిల్ ఇంజన్‌లో పెట్రోల్ బండిలోలా ప్లగ్గు నిప్పురవ్వ ఉండదు. పిస్టన్ గాలిని గట్టిగా నొక్కుతుంది. నొక్కిన గాలి బాగా వేడెక్కుతుంది. ఆ వేడి గాలిలోకి నాజిల్ డీజిల్‌ను సన్నని తుంపరగా చల్లుతుంది. తుంపర దానంతట అదే అంటుకుంటుంది. అంటే మూడు కుదరాలి. గాలి చాలినంత ఉండాలి. డీజిల్ సన్నటి తుంపరగా, సరైన క్షణంలో పడాలి. రింగులు, వాల్వులు గాలిని బయటికి పోనీయకుండా పట్టి ఉంచాలి.

లీటరు డీజిల్ పూర్తిగా కాలాలంటే సుమారు 12 కిలోల గాలి కావాలి. కొలతలో చెబితే దాదాపు 10,000 లీటర్లు. పూర్తిగా కాలిన డీజిల్ నుంచి వచ్చేది బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి. ఈ రెండూ కంటికి కనపడవు. కాబట్టి పొగ కనపడిందంటే పై మూడింటిలో ఏదో తప్పింది, లేదా కాలకూడనిది కాలుతోంది అని అర్థం.

మన దుమ్ము వేరు

గోదావరిఖని, రామగుండం, మంథని చుట్టుపక్కల నడిచే బండ్లకు చాలా జిల్లాల్లో లేని ఇబ్బంది ఒకటుంది. ఓపెన్‌కాస్ట్ గనుల మట్టి గుట్టలు, బొగ్గు లారీలు తిరిగే దారులు, ఎండాకాలం గాలికి లేచే బూడిద. బొగ్గు పొడి నల్లగా కనపడుతుంది కనుక దానివల్లే ఇంజన్ పాడవుతుందని అనుకుంటాం. నిజానికి బొగ్గు మెత్తన. మన గనుల్లో బొగ్గు పొరల పైన, మధ్యన ఉండేది ఇసుకరాయి. దాన్ని పేల్చి తవ్వి పోస్తేనే బొగ్గు దొరుకుతుంది. ఆ ఇసుకరాయి పొడి కంటికి కనపడనంత సన్నగా దారి మీది దుమ్ములో కలిసి ఉంటుంది. అందులోని పలుగురాయి రేణువు ఇంజన్ లైనర్ ఇనుము కంటే గట్టిది. లోపలికి పోయిందంటే పిస్టన్ రింగుకూ లైనర్‌కూ మధ్య ఆకురాయిలా పని చేస్తుంది.

2,500 సీసీ ఇంజన్ నిమిషానికి 2,000 చుట్లు తిరిగితే గంటకు లక్షన్నర లీటర్ల దాకా గాలి పీలుస్తుంది. ఆ గాలికీ ఇంజన్‌కూ మధ్య కాపలా ఎయిర్ క్లీనర్ ఒక్కటే. కాబట్టి మన దగ్గర ఏ పొగకైనా ముందు చూడాల్సింది అదే.

నల్ల పొగ: డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ

బండిని ఒక్కసారి రేజ్ చేసినప్పుడు, బరువు మీద పడినప్పుడు నల్లగా ఒక గుప్పు వచ్చి రెండు మూడు సెకన్లలో పోతే భయపడవద్దు. ఆగకుండా వస్తుంటే ఈ వరుసలో చూసుకోండి.

మొదట బరువు. దమ్ములో కేజ్ వీల్స్‌తోనో, రోటవేటర్‌తోనో నడుస్తుంటే ఒక గేరు తగ్గించండి, లేదా రోటవేటర్ లోతు కాస్త పైకి తీయండి. పొగ తగ్గిందంటే ఇంజన్‌లో దోషం లేదు, మోయలేని బరువు పెట్టారంతే. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. 35 హార్స్‌పవర్ బండికి 50 హార్స్‌పవర్ బండి లాగే రోటవేటర్ తగిలిస్తే ఏ మెకానిక్కూ ఆ పొగ ఆపలేడు.

రెండోది ఎయిర్ క్లీనర్. గాలి తక్కువైతే అదే డీజిల్ సగం కాలి మసిగా బయటికి వస్తుంది.

మూడోది నాజిళ్లు. నాజిల్ అరిగితే తుంపరకు బదులు డీజిల్ చుక్కలుగా కారుతుంది. చుక్క నడుమ దాకా గాలి అందక మసి అవుతుంది. నాజిళ్లు విప్పి టెస్టింగ్ మిషన్ మీద పెట్టి చల్లి చూస్తే తెలిసిపోతుంది. తుంపర పొగమంచులా రావాలి, ఆపగానే చివర చుక్క నిలవకూడదు. పరీక్ష చేసేటప్పుడు మీరు దగ్గరుండి చూడండి.

నాలుగోది డీజిల్ పంపు. "పవర్ పెంచుతాం" అని కొందరు పంపు సీలు తీసి స్క్రూ తిప్పుతారు. డీజిల్ ఎక్కువ పడుతుంది, గాలి మాత్రం అంతే ఉంటుంది. పొగ, ఖర్చు పెరుగుతాయి, ఇంజన్ వేడెక్కుతుంది. పంపును మిషన్ ఉన్న పంపు సర్వీసు సెంటర్‌లోనే సరి చేయించాలి. షెడ్డులో చెవితో విని తిప్పేది కాదది.

చేయకూడని పని ఒకటి

"ఫిల్టర్ తీసి పడేసినంక పొగ బందైంది" అని కొందరు గొప్పగా చెబుతుంటారు. పొగ ఆగిన మాట నిజమే, గాలి దండిగా అందింది కదా. కానీ ఆనాటి నుంచి ఇసుకరాయి పొడి నేరుగా లైనర్లలోకి పోతుంది. ఆ దుమ్ములో కొన్ని గంటలు దున్నినా రింగులకు చేటే. నల్ల పొగ పోయి కొన్నాళ్లకు నీలి పొగ మొదలవుతుంది. మొదటి దానికి వందలతో పోయేది, రెండో దానికి వేలు పెట్టాలి. ఫిల్టర్ తీసి దున్నడమంటే బోరుకు బయానా ఇచ్చినట్టే.

ఫిల్టర్‌కూ ఇంజన్‌కూ మధ్య ఉండే రబ్బరు గొట్టం పగిలినా, క్లిప్పు వదులైనా జరిగేది ఇదే. పైగా అప్పుడు పొగ రాదు కనుక తెలియదు. ఆ గొట్టాన్ని వంచి, కింది వైపు కూడా చేత్తో తడిమి చూడండి. లోపలి వైపు దుమ్ము చార కనపడితే ఎక్కడో సందు ఉన్నట్టే.

ఎయిర్ క్లీనర్ శుభ్రం చేసే తీరు

ఆయిల్ గిన్నె ఉండే రకం: పాత ట్రాక్టర్లలో ఎక్కువగా ఇదే. ఇంజన్ ఆపి, కాసేపు ఆగి గిన్నె దించండి. అడుగున బురద పేరుకుంటే ఆయిల్ పారబోసి, గిన్నెను డీజిల్‌తో కడిగి, తుడిచి, గీత వరకే కొత్త ఇంజన్ ఆయిల్ పోయండి. గీత దాటితే ఇంజన్ ఆ ఆయిల్‌ను పీల్చి నీలి పొగ కక్కుతుంది. తక్కువైతే దుమ్ము ఆగదు. పైన ఉండే తీగ జాలీని కూడా డీజిల్‌లో కడిగి, పూర్తిగా ఆరాకే బిగించాలి. పెట్రోల్ వాడవద్దు. దుక్కుల రోజుల్లో, బొగ్గు లారీల దారి పక్కన పని చేసేటప్పుడు రోజూ పొద్దున గిన్నె చూడాలి.

కాగితం ఫిల్టర్ రకం: దీన్ని డీజిల్‌తో, నీళ్లతో కడగకూడదు. నేలకేసి కొట్టకూడదు. చేత్తో మెల్లగా తట్టి, లోపలి నుంచి బయటికి గాలి కొట్టాలి. గాలి ఒత్తిడి 30 పౌండ్లు దాటవద్దు. పంక్చర్ దుకాణంలో గాలి దానికంటే చాలా ఎక్కువ కనుక గొట్టం మూతిని దూరంగా పట్టండి. తర్వాత ఫిల్టర్ లోపల టార్చి లైటు పెట్టి బయటి నుంచి చూడండి. వెలుతురు అన్ని వైపులా సన్నగా కనపడితే ఇంకా పనికొస్తుంది. ఎక్కడైనా సూటిగా చుక్కలా మెరిస్తే కాగితం చిరిగింది, మార్చాలి. వెలుతురే రాకపోయినా మార్చాల్సిందే. లోపల ఉండే చిన్న ఫిల్టర్‌ను మాటిమాటికీ తీయవద్దు, శుభ్రం చేయవద్దు, గడువుకు మార్చండి. డబ్బా కింద రబ్బరు మూతి ఉంటే రోజూ నొక్కి దుమ్ము రాల్చండి.

నీలి పొగ: కాలుతున్నది ఇంజన్ ఆయిల్

నీలంగా, కాలిన నూనె వాసనతో వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. ముందుగా డిప్‌స్టిక్ తీసి చూడండి. పై గీత దాటి ఆయిల్ పోసి ఉన్నా నీలి పొగ రావచ్చు. ఎక్కువైన ఆయిల్ తీసేస్తే చాలు. ఎయిర్ క్లీనర్ గిన్నెలో గీత దాటిందేమో కూడా చూడండి.

రెండూ సరిగా ఉంటే పొగ వచ్చే సమయాన్ని గమనించండి. రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే నీలి పొగ వచ్చి, ఒకటి రెండు నిమిషాల్లో పోతే వాల్వ్ గైడ్ల వైపు అనుమానించాలి. దీనికి హెడ్ దించితే సరిపోతుంది, పూర్తి బోరు అక్కరలేదు. అలా కాకుండా బరువు మీద ఆగకుండా నీలి పొగ వస్తూ, బ్రీదర్ గొట్టం నుంచి కూడా పొగ దబదబా కొడుతుంటే రింగులు, లైనర్లు అరిగినట్టు. టర్బో ఉన్న బండిలో టర్బో సీలు పోయినా నీలి పొగ వస్తుంది. బోరు ఒప్పుకునే ముందు అది కూడా చూడమనండి.

ఆయిల్ ఎంత తాగుతోందో లెక్క పెట్టండి. బండి సమతలంగా నిలిపి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు పై గీత వరకు ఆయిల్ పోయండి. పది గంటల పని తర్వాత మర్నాడు పొద్దున మళ్లీ చూసి, గీతకు రావడానికి ఎంత పట్టిందో నోటుబుక్కులో రాయండి. వరసగా మూడుసార్లు రాస్తే ఖర్చు నిలకడగా ఉందా, పెరుగుతోందా తెలుస్తుంది. నిలకడగా ఉంటే, ఆయిల్ గీత కంటే కిందికి పోకుండా రోజూ చూసుకుంటూ ఈ పంట గట్టెక్కించి, కోతల తర్వాత తీరిక మీద బాగు చేయించవచ్చు. రోజురోజుకూ పెరుగుతుంటే ఆలస్యం చేయవద్దు.

ఒకవేళ ఆయిల్ తగ్గకపోగా పెరుగుతూ, డీజిల్ వాసన వస్తుంటే బండి వెంటనే ఆపాలి. డీజిల్ ఆయిల్‌లో కలుస్తోంది. పలచబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు.

తెల్ల పొగ: ఆవిరా, కాలని డీజిలా?

లీటరు డీజిల్ కాలితే సుమారు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. చలికాలం పొద్దున అది తెల్లగా కనపడి, ఇంజన్ వేడెక్కాక పోతుంది. ఇది జబ్బు కాదు.

ఇంజన్ వేడెక్కినా తెల్ల పొగ ఆగక, కళ్లు మండి, పచ్చి డీజిల్ వాసన వస్తే డీజిల్ కాలకుండానే బయటికి పోతోంది. ఇంజన్ ఎగిరెగిరి పడుతుంటే ఏదో ఒక సిలిండర్ పని చేయడం లేదు. డీజిల్‌లో నీళ్లు, ఫిల్టర్‌లో గాలి, నాజిల్ లోపం, పంపు టైమింగ్, తగ్గిన కంప్రెషన్, ఈ వరుసలో వెతకాలి. ముందు ఫిల్టర్ గిన్నె అడుగు మర విప్పి నీళ్లు వదలండి. పాత రకం పంపున్న బండ్లలో మెకానిక్ ఒక్కో నాజిల్ పైపు నట్టు వదులు చేసి చూస్తాడు. వదులు చేసినా ఇంజన్ చప్పుడు మారకపోతే దోషం ఆ సిలిండర్‌లోనే. ఈ పని మీరు చేయవద్దు. ఆ పైపులో డీజిల్ సూదిలా చర్మంలోకి దిగేంత ఒత్తిడితో ఉంటుంది. పొరపాటున దిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

తెల్ల పొగతో పాటు రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే వ్యవహారం వేరు. ఇంజన్ పూర్తిగా చల్లారాక మూత తీసి, నీళ్లు నింపి స్టార్ట్ చేయండి. బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే మళ్లీ స్టార్ట్ చేయవద్దు, ట్రాలీ మీదైనా షెడ్డుకు చేర్చండి. నీళ్లు కలిసిన ఆయిల్‌తో పది నిమిషాలు నడిపినా క్రాంకు బేరింగులకు దెబ్బే. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే ముఖం కాలుతుంది, మరువవద్దు.

వాగు ఒడ్డు ఆయిల్ ఇంజన్లకు

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలయ్యాక ఆయిల్ ఇంజన్లు తగ్గాయి. అయినా గోదావరి, మానేరు ఒడ్డున, లైను లేని వాగుల దగ్గర ఇవి పనికొస్తూనే ఉంటాయి. బెల్టు మీద నడిచే ఇంజన్ నల్ల పొగ కక్కుతుంటే పుల్లీలు చూడండి. నీళ్లు ఎక్కువ రావాలని ఇంజన్ పుల్లీ పెద్దది వేస్తే పంపు వేగం పెరుగుతుంది. వేగం 10 శాతం పెరిగితే ఇంజన్ మీద బరువు సుమారు 33 శాతం పెరుగుతుంది. పాత సైజు పుల్లీ వేస్తే పొగ, డీజిల్ ఖర్చు రెండూ దిగివస్తాయి.

కారు, ట్రాలీ ఆటో ఉన్నవారికి

కూరగాయలు, పాలు మార్కెట్‌కు చేర్చే ట్రాలీ ఆటోలకు, పాత కార్లకు కూడా రంగుల లెక్క ఇదే. పెట్రోల్ కారులో నల్ల పొగ వస్తే పెట్రోల్ ఎక్కువ పడుతోందని, నీలి పొగ వస్తే ఆయిల్ కాలుతోందని, తీపి వాసనతో తెల్ల పొగ ఆగకుండా వస్తే కూలెంట్ లోపలికి కారుతోందని అర్థం. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బీఎస్-6 డీజిల్ కార్లలో సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అటువంటి కారు నల్ల పొగ వదిలిందంటే చిన్న విషయం కాదు. మీటరు దగ్గర లైటు వెలిగితే కంప్యూటర్ పెట్టి చూసే చోటికే తీసుకెళ్లండి. అలాంటి కార్లలో డీజిల్ పైపులు విప్పే పాత పద్ధతి పనికిరాదు, ప్రమాదం కూడా.

పాత బండి కొంటున్నారా?

బేరానికి పోయేటప్పుడు పొద్దునే పోండి, ముందుగా ఫోన్‌లో "స్టార్ట్ చేయకుండా ఉంచండి" అని చెప్పండి. వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే నడిపి, తొలి పొగ దాచారని అనుమానించాల్సిందే. చల్లని ఇంజన్ మీరే స్టార్ట్ చేయించి పొగ చూడండి. తర్వాత నాగలి తగిలించి పది నిమిషాలు దున్నించి మళ్లీ చూడండి. బ్రీదర్ గొట్టం, డిప్‌స్టిక్, రేడియేటర్ మూత కింద రంగు చూడండి. ఎయిర్ క్లీనర్ తెరిపించండి. దాన్ని పట్టించుకోని యజమాని ఇంజన్‌ను కూడా పట్టించుకోలేదని తెలుసుకోవచ్చు.

ప్రాణం కంటే బండి ఎక్కువ కాదు

డీజిల్ పొగ మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012 జూన్‌లో ప్రకటించింది. పొగకు ఎదురుగా నిలబడి పరీక్ష చేయవద్దు, గాలి వాలుకు పక్కగా నిలబడండి. తలుపులు మూసిన కొట్టంలో, దిగుడు బావి లోపల ఇంజన్ నడపనే కూడదు. ఇంజన్ వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తల తిరిగినట్టుంటే వెంటనే బయటి గాలికి రావాలి. బావిలో ఎవరైనా పడిపోతే రక్షించాలని ఒకరి వెంట ఒకరు దిగవద్దు. ఇంజన్ ఆపి, 101కు ఫోన్ చేయండి.

షెడ్డుకు పోయే ముందు

ఒక కాగితం మీద ఇవి రాసుకుని వెళ్లండి. పొగ ఏ రంగు? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, బరువు మీదా? గేరు తగ్గిస్తే పోతోందా? ఎయిర్ క్లీనర్ ఎప్పుడు శుభ్రం చేశారు? పది గంటలకు ఆయిల్ ఎంత తగ్గుతోంది? రేడియేటర్ నీళ్లు తగ్గుతున్నాయా?

అప్పటికీ మెకానిక్ "బోరే" అంటే రెండు మాటలు అడగండి. కంప్రెషన్ గేజి పెట్టి చూశారా, ఏ సిలిండర్‌లో ఎంత వచ్చింది? హెడ్ దించాక లైనర్ అరుగుదల కొలిచి నాకు చూపిస్తారా? మంచి మెకానిక్ ఈ మాటలకు కోపగించుకోడు, సంతోషంగా చూపిస్తాడు. విప్పిన పాత సామాను మీరే ఇంటికి తెచ్చుకోండి.

బోరు చేయించాల్సి వచ్చినా, కొత్త లైనర్లు వేసిన రోజే కొత్త ఎయిర్ ఫిల్టర్, కొత్త రబ్బరు గొట్టం, కొత్త క్లిప్పులు కూడా వేయించండి. పాత లైనర్లను తిన్న దుమ్ము దారి పక్కన ఇంకా అలాగే ఉంది.